నెయ్యి పడే మాత్ర, నెయ్యి పడని మాత్ర

నన్ను కుట్టిన దోమ పిచ్చుకంత ఉండిందని చెబితే మా వంట బ్యాచిలో ఎవరూ కాదనలేదు. ఒరిస్సా పక్క ఒక తెలుగు షావుకారు ఇంటి పెళ్ళికి పోయినాం. గాడిపొయ్యి దగ్గర నేను లడ్డూకు పాకం పడుతుంటే ఆ దోమ వచ్చి గరిటె కాడ మీద కూర్చునింది. కాసేపు పాకం వాసన చూసింది. ఇంకా తీగ రాలేదన్నట్టు తల అడ్డంగా ఊపింది. నిజమే, రాలేదు. వంట తెలిసిన దోమ కదా, మర్యాద ఇద్దామని చెయ్యి విదిలించకుండా ఊరుకున్నాను. అది మర్యాద పుచ్చుకుని, కుట్టి పోయింది.

అప్పట్లో ఇట్లా చెప్పేదాన్ని. ఇప్పుడు రాయబోతే ఆ దోమ మామూలు దోమంతే కనపడుతోంది. ఒళ్ళు అలిసే కొద్దీ కథలకు కూడా కండ తగ్గుతుందేమో. అయినా నేను చెప్పాల్సింది దోమ గురించి కాదు. నా ఇంగువ డబ్బాలో ఉండే మాత్ర గురించి, మా వదిన కాచిన గంజి గురించి.

మాది చింతాద్రిపేట. పక్కనే పారే కూవం మురుగు వాసన మాకు రావడం ఎప్పుడో ఆగిపోయింది, చుట్టాలొచ్చి ముక్కు మూసుకుంటేనే గుర్తొస్తుంది. మా అత్తగారివాళ్ళు నేతవాళ్ళు. మగ్గం చూసినవాళ్ళు ఇంట్లో ఇప్పుడెవరూ లేరు గానీ, వాళ్ళ ముత్తాత నేసిన పంచె గురించి మాత్రం నేను చెప్పగలను. అది ఎంత సన్నమంటే, ఆరేస్తే ఎండకే కనపడేది కాదట. ఎండ దాన్ని దాటుకుని పక్కింటి బట్టల మీద పడేదట. అందుకని ఆ పంచె జన్మలో ఆరలేదు.

మా ఆయన పోయి శానా కాలమయింది. ఇంట్లో ఉండేది నేను, ఆయన అక్క. నాకు వదిన. తల్లి లేని తమ్ముణ్ణి చంకన వేసుకుని పెంచిన మనిషి, తన కాపురం నిలవకపోతే ఆ బాధ కూడా తమ్ముడి అన్నంలో కలిపి ముద్దలు పెట్టిన మనిషి. గోడ మీద ఆయన పటం ఉంటుంది. దాని ముందు దీపం పెట్టకుండా వదిన కాఫీ తాగదు.

ఆయనకు వచ్చింది హెచ్ఐవి అని చెప్పిన ఆసుపత్రిలోనే నా రక్తం కూడా చూశారు. ఇద్దరికీ ఒకటే జవాబు. ఆయన నన్ను ఇంకేమీ అడగలేదు, నేనూ ఆయన్ని అడగలేదు. "మా అక్కకు మాత్రం చెప్పొద్దు. కామెర్లని చెప్పు" అన్నాడు. చెప్పాను. నేను చెప్పిన కథలన్నిట్లోకీ ఉప్పూ కారం లేనిది అదే. దాన్నే అందరూ నమ్మారు.

ఆయన విషయంలో మందు ఆలస్యమయింది. నా విషయంలో కాలేదు. గవర్నమెంటు సెంటర్లో ఊరికే ఇస్తారు, పడుకునే ముందు ఒక మాత్ర. సెంటర్ నుంచి బయటికొచ్చే ముందు మాలో శానామంది చేసే పని ఒకటుంది. డబ్బా మీది కాగితం గోటితో గీకి తీసేస్తాం. కొందరు మాత్రలన్నీ వేరే సీసాలో పోసుకుంటారు. ఆడ మెట్ల కింద చెత్తబుట్ట చూస్తే పెళ్ళిలో వక్కపొడి పొట్లాలు విప్పినట్టు ఉంటుంది. నేను మాత్రల్ని ఇంగువ డబ్బాలో పోసుకునేదాన్ని. వంటమనిషి ఇంగువ డబ్బాలో ఇంకొకరు చెయ్యి పెట్టరు, అది మా వృత్తిలో మర్యాద. మాత్రకు ఇంగువ వాసన పట్టేది. మింగితే సాంబారు తేన్పు వచ్చేది.

ఆ మాత్రకు ఇంకో గుణం ఉండింది. కలలు. మామూలు కలలు కావు, రంగులతో వచ్చేవి. ఒకసారి సౌకార్‌పేట సందుల్లో ఏనుగుల మీద పప్పుల మూటలు పోతున్నాయి, ఒక ఏనుగు నన్ను ఆపి కందిపప్పు ధర అడిగింది. పొద్దున లేచి బ్యాచిలో చెబితే పడీ పడీ నవ్వారు. నాకు కల్పన ఎక్కువని వాళ్ళనుకునేవాళ్ళు. సగం ఆ మాత్రదే.

అయితే రోజూ వేసుకునే మాత్ర ఎవరి కంటా పడకుండా ఉండదు కదా. వదిన అడిగితే రక్తం పట్టే మాత్రన్నాను. కింది పోర్షన్లో ఒక తమిళ అక్క ఉంటుంది, మంచిదే గానీ గోడకు చెవులుంటే అవి ఆమెవే. ఆమె అడిగితే జుట్టు నెరవకుండా వేసుకుంటున్నానన్నాను. నా జుట్టు అప్పటికి నల్లగానే ఉంది, ఆమె నమ్మి తనక్కూడా తెప్పించమని వెంటపడింది. ఆమెకు బి కాంప్లెక్సు కొనిచ్చాను. వాడి వాడి జుట్టు ఒత్తయిందని నాకు మల్లెపూలు తెచ్చిచ్చింది. ఇక మా వంట మేస్త్రి. ఆయనతో ముక్కు మాత్రన్నాను. వంటలో ఉప్పు వాసనతోనే కనిపెట్టే శక్తి దాని వల్లేనన్నాను. మేస్త్రి ఆ మాట సౌకార్‌పేటలో ఇద్దరు షావుకార్లకు చెప్పి, మా బ్యాచికి రేటు పెంచాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంటుంది. కానీ ఎవరికి ఏ కథ చెప్పానో మోసుకుంటూ తిరగడం ఉందే, అది పెళ్ళి పందిట్లో పెద్ద గుండిగ దించడం కంటే బరువు. గుండిగను కనీసం ఇద్దరు పట్టుకుంటారు.

ఒరిస్సా నుంచి వచ్చాక జ్వరం పట్టింది. మంచం కాళ్ళు తాళం వేసేంత చలి. రక్తం చూసి మలేరియా అన్నారు, అందులోనూ చెడ్డ రకమన్నారు. మా పేట చివర క్లినిక్కుకు పోయినాం. పోయినాం అంటే అందరం. మాకు జ్వరమొస్తే ఒక్కరే డాక్టరు దగ్గరికి పోయే అలవాటు లేదు, పెళ్ళిచూపులకు పోయినట్టు పోతాం. వదిన వచ్చింది. ఆటో ఎక్కేటప్పుడు కింది అక్క కూడా ఎక్కింది. మేస్త్రి ఆడికే వచ్చి కూర్చున్నాడు, ముందు ఒప్పుకున్న ముహూర్తాలు ఉన్నాయి కదా, ఆయన కంగారు ఆయనది.

డాక్టరు చిన్నవాడే, నెమ్మదస్తుడు. తమిళంలో అడిగాడు, "రోజూ వేసుకునే మందులేమన్నా ఉన్నాయామ్మా?"

నేను నోరు తెరిచేలోగా ముగ్గురూ జవాబిచ్చేశారు.

"రక్తం మాత్ర సార్" అంది వదిన.

"జుట్టు మాత్ర డాక్టర్" అంది కింది అక్క.

"ముక్కు మాత్రండీ" అన్నాడు మేస్త్రి.

ముగ్గురూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. డాక్టరు కలం కింద పెట్టాడు.

"మూడు మాత్రలా?"

"ఒకటే సార్" అన్నాను. "రక్తం పడితే జుట్టు నల్లగుంటుంది. జుట్టు నల్లగుంటే మనిషి తలెత్తుకుని తిరుగుతుంది. తలెత్తుకుంటే ముక్కుకు గాలి బాగా ఆడుతుంది."

"ఏందే ఈ కత?" అంది వదిన.

డాక్టరు నవ్వాడు. "సరి, విటమిన్ అని రాసుకుంటా" అన్నాడు.

సెంటర్లో కౌన్సిలింగు చేసే అమ్మాయి నాకు ఎన్నోసార్లు చెప్పింది. ఏ డాక్టరు దగ్గరికి పోయినా ఈ మందు పేరు చెప్పు, కొన్ని మందులకు దీనికీ పడదు అని. తెలుసు నాకు. కానీ నాకు ఎడమపక్క వదిన కూర్చుని ఉంది, తమ్ముడి పటానికి పొద్దున వేసిన పూలలో ఒకటి ఇంకా ఆమె వేళ్ళ మధ్యే ఉంది. కుడిపక్క మేస్త్రి. నాకున్నది వంటతో అంటుకోదని నాకు తెలుసు, సెంటర్లో అందరికీ తెలుసు. లడ్డూ తినేవాళ్ళకు తెలియాలి కదా. విటమిన్ అని రాసుకుంటే రాసుకోనీ అనుకున్నాను.

మలేరియాకు మాత్రలిచ్చాడు. పొద్దునా సాయంత్రం, ఏదైనా తిని వేసుకోమన్నాడు.

ఇక పథ్యం బాధ్యత వదిన తీసుకుంది. జ్వరానికి లంఖణం పరమౌషధం అనే రకం ఆమె. నూనె వాసన ఇంట్లోకి రానివ్వలేదు. పాలు కఫమంది, నెయ్యి అజీర్ణమంది. పలచటి గంజి, దాంట్లో రవ్వంత ఉప్పు, మరీ జాలేసినప్పుడు మిరియాల చారు. నూనె డబ్బాను కింది అక్క ఇంట్లో పెట్టి వచ్చింది, నేను లేచి దోసె పోసుకుంటానేమోనని. పెళ్ళిళ్ళలో నెయ్యి డబ్బాలు డబ్బాలు ఒంపిన చేత్తో ఆ గంజి తాగాను. మాత్ర ప్రతిదీ వదినే నోట్లో వేసింది, మింగానో లేదో నాలుక ఎత్తించి చూసింది.

రాత్రి మాత్ర మాత్రం ఎప్పటిలాగే ఇంగువ డబ్బాలోంచి నేనే వేసుకున్నాను.

జ్వరం తగ్గింది. పనిలోకి పోయినాను. నెల దాటి ఉంటుంది. సౌకార్‌పేటలో ఒక ఇంటి మేడ మీద పెళ్ళి వంట. జాంగ్రీలు వత్తుతున్నాను. చెయ్యి వణకడం మొదలుపెట్టింది. బాణలిలో పడ్డ జాంగ్రీలు చూసి మేస్త్రి, "ఏందక్కా, పిండితో డాక్టరు చీటీలు రాస్తుండావా?" అన్నాడు. నవ్వబోయాను, పళ్ళు టకటకమన్నాయి. పొయ్యి పక్కన, మండే ఎండలో, చలి.

మళ్ళీ అదే క్లినిక్కు, మళ్ళీ అదే ముగ్గురు. రక్తంలో మళ్ళీ అదే మలేరియా. డాక్టరు ఈసారి నవ్వలేదు.

"మాత్రలు పూర్తిగా వేసుకున్నావామ్మా? నిజం చెప్పు."

"నేనే వేశాను సార్" అంది వదిన. "మా తమ్ముడి పటం మీద ఒట్టు. ఒక్కటి కూడా తప్పలేదు."

"ఏం తిని వేసుకుంది?"

వదిన మొహం వెలిగింది. ఎవరైనా ఎప్పుడు అడుగుతారా అని ఎదురుచూస్తున్న ప్రశ్న అది. "గంజి సార్. ఒక్క చుక్క నూనె తగలనియ్యలేదు. నెయ్యి లేదు, పాలు లేవు. చుక్క తగలనియ్యలేదు."

డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. తర్వాత నెమ్మదిగా చెప్పాడు. ఆ మాత్ర కొవ్వుతో గానీ ఒంటికి పట్టదట. పాలో నెయ్యో ఉండాలట. వట్టి గంజితో వేసుకుంటే సగం మందు వచ్చిన దారినే పోతుందట. "నేను విడమరిచి చెప్పాల్సింది" అన్నాడు కూడా. కానీ ఆ మాట వదిన చెవిలో పడలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు ఆనుకునింది.

"నా చేతులారా" అంది. "నా చేతులారా చేసినానే."

డాక్టరు ఇంకా కాగితం మీదే చూస్తున్నాడు. "అదొక్కటే కారణమని అనిపించడం లేదు. ఆ విటమిన్ తెచ్చావా? చూపించు."

డబ్బా నా సంచిలోనే ఉంది, పనికి పోతే దాన్ని వదిలి పోను. ఇప్పుడొక కథ కావాలి. ముగ్గుర్నీ బయటికి పంపే కథ, మంచిది, నమ్మేటట్టు ఉండేది. ఎప్పుడు పిలిస్తే అప్పుడు వచ్చేవి కథలు. ఆ పూట ఒక్కటీ రాలేదు. ఒంట్లో అంత నీరసం. "మీరు కాసేపు బయట ఉండండి" అన్నాను, అంతే. ఏ అలంకారమూ లేకుండా నేను మాట్లాడటం వాళ్ళెప్పుడూ వినలేదు. భయపడి లేచిపోయినారు.

తలుపు మూసుకున్నాక డబ్బా బల్ల మీద పెట్టి, మందు పేరు చెప్పాను, ఎందుకు వేసుకుంటున్నానో చెప్పాను. డాక్టరు మూత తీసి వాసనకు ఒకసారి తుమ్మాడు. నాకు మర్యాద తక్కువ చేసే మాట ఒక్కటి అనలేదు. ఫోను తీసి సెంటర్ డాక్టరుతో శానాసేపు మాట్లాడి, తర్వాత నాకు చెప్పాడు.

"నీ రాత్రి మాత్ర లివర్ని తొందరపెడుతుందమ్మా. నేనిచ్చిన మలేరియా మందు రక్తంలో కొన్నాళ్ళు నిలబడి పని చెయ్యాలి. లివర్ దాన్ని నిలబడనివ్వకుండా ఊడ్చేస్తుంది."

నాకు అర్థమయింది. "బంతిలో కూర్చున్నవాళ్ళు సాంబారు దగ్గర ఉండగానే విస్తళ్ళు ఎత్తేసేవాళ్ళు ఉంటారు, ఆ రకమన్నమాట."

"కరెక్ట్. పైగా మీ వదిన గంజితో ఆ విస్తరిలో వడ్డించిందే సగం."

"అయితే రాత్రి మాత్ర ఆపేద్దామా సార్?"

"ఆ పని మాత్రం చెయ్యొద్దు" అన్నాడు గట్టిగా. "అది ఆపితే దీనికంటే పెద్ద తంటా. మలేరియా మందే మేము సర్దుకుంటాం." ముందు సూదిమందు ఇస్తామన్నాడు, ఆ తర్వాత మాత్రలు ఈసారి ఎక్కువ రోజులు, కొవ్వు ఉన్న తిండితో, గుండెకు ఈసీజీ తీసి, రక్తం మాటిమాటికీ చూసుకుంటూ. ఆసుపత్రిలో పడుకోవాలన్నాడు. ఇంకా ఒక మాట అన్నాడు, "బయటివాళ్ళకు నేనేమీ చెప్పనమ్మా. గంజి వల్లేనని వాళ్ళు అనుకుంటున్నారు. అది అబద్ధం కూడా కాదు."

నాకు నవ్వొచ్చింది. జన్మంతా కథలు అల్లి అల్లి వేళ్ళు నొప్పి పుట్టినదాన్ని. ఇది నేను అల్లకుండానే వచ్చింది, నేసిన బట్టలాగా, అంచుతో సహా.

ఆ బట్ట ఎంత బరువో ఆసుపత్రిలో తెలిసింది.

వదిన రోజూ క్యారియరు తెచ్చేది. ఇప్పుడు నెయ్యి ఎంత వేసేదంటే, అన్నం దాంట్లో మునిగి తేలేది. తను మాత్రం గంజే తాగేది. "నాకెందుకే నెయ్యి? నీకు పెట్టలేదు కదా" అనేది. నర్సు వస్తే నర్సుకు చెప్పేది, పక్క మంచం వాళ్ళకు చెప్పేది, ఊడ్చే ఆమెకు చెప్పేది. "నేనే చంపబోయినాను. నా మరదల్ని. మా తమ్ముడు పోతూ నాకు అప్పజెప్పిన మనిషిని." ఒకరోజు కింది అక్క చూడటానికొచ్చి నా చెవిలో చెప్పింది, "మీ వదిన పటం ముందు కూర్చుని తమ్ముడికి క్షమాపణ చెప్పుకుంటా ఉంది. విని వచ్చేశాను, అడుగు పెట్టలేక."

ఆయనకు క్షమాపణ. నాకు జ్వరం కంటే అది ఎక్కువ వణుకు తెప్పించింది.

మధ్యాహ్నం వేళ. వార్డులో చాలామంది నిద్రపోతున్నారు. వదిన క్యారియరు గిన్నెలు విప్పుతోంది. చేతులు సన్నబడినాయి, గాజులు మోచేతి దాకా జారుతున్నాయి.

"వదినా, ఒక కత చెబుతా విను."

"నీ కతలు నాకొద్దు. తిను."

"ఒక ఊళ్ళో ఒక మొగుడూ పెళ్ళాం ఉన్నారంట. మొగుడికి ఒక అక్క ఉండిందంట. ఆ అక్క ఎంత మంచిదంటే, ఆమె తిట్టిన తిట్లు కూడా దారిలో దీవెనలైపోయేవంట."

"నన్ను ఎగతాళి చేసేదానికి ఒళ్ళు బాగయిందన్నమాట."

"ఒకనాడు మొగుడికి జబ్బు చేసింది. పెళ్ళానికీ అదే జబ్బు. ఆయన, మా అక్కకు చెప్పొద్దు, కామెర్లని చెప్పు అన్నాడంట."

వదిన చెయ్యి గిన్నె మూత మీదే ఆగింది.

ఆ తర్వాత కథలో ఏనుగు రావాలి, లేకపోతే మాట్లాడే దోమ. నా కథల్లో అక్కడ ఏదో ఒకటి వస్తుంది. వదిన దానికోసం చూసింది. నా మొహంలోకి చూసి, అది రావడం లేదని తెలుసుకునింది.

"ఏం జబ్బే?" అంది.

చెప్పాను. రాత్రి మాత్ర ఏమిటో చెప్పాను. మలేరియా తిరగబెట్టడంలో గంజి పాపం ఎంతో, ఆ మాత్ర పని ఎంతో, డాక్టరు చెప్పినట్టే చెప్పాను. విస్తళ్ళు ఎత్తేసే సంగతి కూడా. "నువ్వు ఒక్కదానివే కాదు వదినా. నువ్వు పెట్టింది ఆ మాత్ర ఊడ్చేసింది. దాని పేరు డాక్టరుకు చెప్పకుండా దాచింది నేను."

వదిన తమ్ముడి గురించే అడిగింది.

"వాడికి తెలుసా? పోయేటప్పుడు, వాడికి తెలుసా అది ఏ జబ్బో?"

"తెలుసు."

"నాకు చెప్పొద్దన్నాడా?"

"అన్నాడు."

"చంకన వేసుకుని పెంచినాను" అంది, నాతో కాదు, గిన్నెతో. "ఒళ్ళు వెచ్చబడితే నాకే చెప్పేవాడు, ముల్లు గుచ్చుకుంటే నాకే చెప్పేవాడు." మూతలు పెట్టేసింది. క్యారియరు బిగించింది. నేనింకా తినలేదని కూడా చూడకుండా, దాన్ని చేతికి తగిలించుకుని వెళ్ళిపోయింది.

ఆ పూట ఆసుపత్రివాళ్ళ దగ్గర పాలు అడిగి తాగి మాత్ర వేసుకున్నాను. నేను చేసిన పనేంటో పడుకుని ఆలోచించాను. ఒక మనిషి నెత్తి మీది బరువు దించబోయి, దానికంటే పెద్దది ఎత్తిపెట్టినట్టున్నాను. ఆయనకిచ్చిన మాట పోయింది. ఇల్లు కూడా పోతుందేమో. ఆ ఇల్లు వాళ్ళది, నేను మరదలిగా వచ్చినదాన్ని. ఇంటికి పోతే గుమ్మంలో నా మూట కనపడుతుందా, నా కంచం వేరుగా పెట్టి ఉంటుందా అని రకరకాలుగా అల్లుకున్నాను. భయాన్ని కూడా కథలుగానే అల్లే పాడు అలవాటు.

మర్నాడు వదిన వచ్చింది. కళ్ళు వాచి ఉన్నాయి. చేతిలో క్యారియరు కాదు, రెండు విడి డబ్బాలు. నా మంచం మీద, ఎప్పుడూ కూర్చునే చోటే, నా కాళ్ళు పక్కకు తోసి కూర్చునింది. ఒక డబ్బా మూత తీసింది. నెయ్యి వాసన గుప్పుమంది. ఇంకొకటి తీసింది. చారన్నం, వట్టిది.

"నర్సమ్మను అడిగినా" అంది గొంతు తగ్గించి. "మలేరియా మాత్రకు నెయ్యి కావాలంట. నీ రాత్రి మాత్రకు నెయ్యి ఎక్కువైతే తల తిరుగుతుందంట కదా. ఒకదానికి పడేది ఇంకొకదానికి పడదు. అత్తాకోడళ్ళ మాదిరి ఉండాయి. అందుకని ఇది ఇప్పటికి, అది రాత్రికి. కలిపేసేవు, వంటదానివి, నీకు అన్నీ కలపడమే తెలుసు."

నేను ముద్ద నోట్లో పెట్టుకోలేకపోయినాను. ఆమే కలిపి పెట్టింది. అదే చెయ్యి. పెట్టి, ఆ వేళ్ళకు అంటుకున్న నెయ్యి తను నాకేసింది. ఆసుపత్రిలో చేరినప్పటి నుంచి ఆమె నోటికి నెయ్యి తగలడం అదే మొదలు.

"పటానికి దీపం పెట్టలేదు ఇయ్యాల" అంది. "వాడితో కొన్నాళ్ళు మాట్లాడను. మాట్లాడాలనిపించినప్పుడు పెడతా."

కొన్నాళ్ళకు పెట్టింది. ఎప్పుడు పెట్టిందో నేను అడగలేదు, ఒకరోజు లేచి చూసేసరికి వెలుగుతా ఉంది.

మలేరియా మళ్ళీ రాలేదు. ఆ తర్వాత సెంటర్లో నా రాత్రి మాత్ర కూడా మార్చారు. కొత్తది అంత పేచీకోరు కాదన్నారు. ఏ డాక్టరు దగ్గరికి పోయినా పేరు చెప్పమని మాత్రం మళ్ళీ చెప్పారు. చెబుతున్నాను. కొత్త మాత్రతో తల తిరగదు, నిద్ర బాగా పడుతుంది. కలలు పోయినాయి. ఏనుగులు సౌకార్‌పేట వైపు రావడం మానేశాయి. బ్యాచిలో పిల్లలు "అక్కా, ఒకటి చెప్పు" అంటే గుండిగ తిప్పుతూ వెతుక్కోవాల్సి వస్తోంది. దొరికినవి కూడా మోకాళ్ళ నొప్పులతో వస్తున్నాయి.

మొన్న కింది అక్క మెట్ల మీద వదినను ఆపి అడిగింది, "మీ మరదలు ఇంకా ఆ జుట్టు మాత్ర వేసుకుంటా ఉందా? నాకు ఇచ్చేది ఆగిపోయిన కాడి నుంచి జుట్టంతా ఊడతా ఉంది." పైన తలుపు సందులోంచి నేను వింటున్నాను. వదినకు అబద్ధం చెప్పడం చేతకాదు. పుట్టి బుద్ధెరిగాక చెప్పలేదు.

"అది జుట్టుకు కాదమ్మా, రక్తానికి" అంది. "మా వంశంలో ఉంది. మా తమ్ముడికి కూడా ఉండింది."

పైకొచ్చి కూరగాయల సంచి నా ముందు పడేసి, ఆయాసం తీర్చుకుని అంది, "మేయ్, ఇదిగో. నువ్వు మనిషికొక కత చెబితే మోసే ఓపిక నాకు లేదు. ఇకమీద అందరికీ రక్తం మాత్రే. ఆ మేస్త్రికి కూడా చెప్పు, ముక్కు లేదు, చెవి లేదు."

"ముక్కు మాత్ర పోతే మేస్త్రి రేటు తగ్గుతుంది వదినా."

"తగ్గితే తగ్గనీ. గుర్తుపెట్టుకునేది ఒకటే ఉంటే ఇద్దరం మోయొచ్చు" అంది, బెండకాయల తొడిమలు తుంచుతూ.